రాత్రిపూట పాలు కారిపోతుంటే పిండి తీసేయాలా, అలాగే వదిలేయాలా?

కొత్త బాలింత, రాజమండ్రి:
బాబుకి రెండో నెల. పాలు బాగా పడ్డాయి, వాడూ బాగానే తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. ఇబ్బందల్లా రాత్రిళ్లే. ఒక పక్క పట్టిస్తుంటే రెండో పక్క ధార కడుతుంది. వాడు కాస్త ఎక్కువసేపు నిద్రపోతే నైటీ, దుప్పటి, పరుపు అన్నీ తడిసి ముద్దవుతున్నాయి. తెల్లారేసరికి పుల్లటి వాసన, దుప్పటికి చీమలు. ఇంట్లో తలో మాట. "పడుకునేముందు పిండి చెట్టు మొదట్లో పోసెయ్, లేకపోతే గడ్డ కడతాయి" అంటుంది అమ్మ. మా వారు బ్యాటరీ పంపు కొనుక్కొచ్చారు, తీసి ఫ్రిజ్‌లో దాచుదామంటారు. ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రం "పిండొద్దమ్మా, అదే సర్దుకుంటుంది" అంది. ఎవరి మాట వినాలి? మీరేం చేశారో, ఎందుకు చేశారో చెప్పండి.

కరీంనగర్ అక్క:
మీ అమ్మ చెప్పిందే కరెక్టు చెల్లె. నేను పిండకుంట పండుకున్న రోజు తెల్లారేసరికి రొమ్ము గట్టిగ బిగుసుకపోయింది, బిడ్డకు నోట్ల పట్టనే రాలే. సాయంత్రానికి చలిజరం. ఆ నొప్పి పడ్డోళ్లకే తెలుస్తది. అప్పటి సంది రోజు పండుకునే ముందు రెండు దిక్కుల పంపు పెట్టి మొత్తం తీసేస్తున్న. నడిరాత్రి ఇంకోసారి తీస్త. ఊకె సర్దుకుంటది అనుడు అల్కనే, జరమొస్తె పిల్లను ఎవరు పడతరు?

తల్లిపాల కౌన్సిలర్, విశాఖ:
కరీంనగర్ అక్క పడ్డ బాధ చిన్నది కాదు. కానీ రోజూ మొత్తం ఖాళీ చేయడం దానికి మందు కాదని గట్టిగా చెప్తాను. తల్లిపాలు తోడినకొద్దీ ఊరే చెలమ. రొమ్ము నిండినప్పుడు లోపలి ఒత్తిడి, పాలలోనే ఉండే ఒక పదార్థం కలిసి తయారీని నెమ్మదింపజేస్తాయి. పంపుతో ఖాళీ చేశారా, ఆ కళ్లెం ఊడిపోతుంది. పైగా పాలు తయారు చేయించే హార్మోను ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. రాత్రి పదింటికి ఒకసారి, నడిరాత్రి ఇంకోసారి పంపు పెడితే బిడ్డ తాగేదానికన్నా ఎక్కువ తయారవుతాయి. మర్నాడు ఇంకా ఎక్కువ కారతాయి, ఇంకా ఎక్కువ పిండాల్సి వస్తుంది. గడ్డ కడతాయని భయపడి పిండేవాళ్లకే మళ్లీ మళ్లీ గడ్డలు రావడం చాలాసార్లు చూశాను.

ఇది నా ఒక్కదాని మాట కాదు. తల్లిపాల మీద పనిచేసే వైద్యుల అంతర్జాతీయ సంస్థ, అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్, రొమ్ము వాపు మీద 2022లో కొత్త సూచనలిచ్చింది. రొమ్మును ఖాళీ చేయాలన్న పాత పద్ధతి వద్దంది. బిడ్డ అడిగినప్పుడు పట్టండి, అదనంగా పంపు పెట్టకండి, గట్టిగా పిసకకండి, వాపు ఉంటే చల్లటి గుడ్డో ఐసో పెట్టండి అంది. మన ఇళ్లలో వేడినీళ్ల కాపడం పెట్టి బొటనవేలితో నలిపేస్తారు కదా, దానివల్ల లోపలి కణజాలం ఇంకా వాస్తుంది.

ఇక కారడం. దానికి కారణం వేరే హార్మోను, ఆక్సిటోసిన్. బిడ్డ ఒక పక్క నోరు పెట్టగానే రెండు పక్కలా చేపుకొస్తాయి. పక్కవాటాలో పిల్లాడు ఏడ్చినా చేపుకొస్తాయి. ఇది జబ్బు కాదు. చాలామందికి మొదటి రెండు మూడు నెలల్లో బాగా తగ్గుతుంది, కొందరికి ఇంకాస్త పడుతుంది. కారడం లేదంటే పాలు లేవనీ కాదు.

రాజమండ్రి అమ్మాయీ, నువ్వు నిద్రకి ఉపక్రమించేముందు బాబుని కదిపి ఒకసారి పట్టించి చూడు. అప్పటికీ బిగువుగా ఉంటే చేత్తో కొంచెం పిండు, నొప్పి తగ్గి మెత్తబడేదాకా చాలు. రెండో పక్క ధార మొదలైతే అరచేత్తో చనుమొన మీద అదిమి కాసేపు ఉంచితే ఆగుతుంది. అయితే నీది రెండో నెలేగా, అది రోజంతా పదేపదే చేయకు.

హైదరాబాద్ ఉద్యోగిని:
కౌన్సిలర్ గారి మాట శాస్త్రం ప్రకారం సరే. కానీ పంపు అంటేనే తప్పు అన్నట్టు మాట్లాడితే నాలాంటివాళ్లం ఏం కావాలి? 2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో కొన్ని వారాలు కాన్పుకి ముందే అయిపోతాయి. చిన్న కంపెనీల్లో, రోజుకూలీల్లో అదీ దక్కదు. ఆఫీసుకి వెళ్లేముందు కొంచెం నిల్వ చేసుకుందామంటే రాత్రిళ్లు, తెల్లవారుజామునే పాలు ఎక్కువ వచ్చేది. కారిపోయేవాటిని వృథా చేయడం కన్నా దాచుకోవడం మేలు కదండీ.

ఒకటి మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. తీసిన పాలు 25 డిగ్రీలలోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. మే నెలలో మన గదులు 25 డిగ్రీల్లో ఉండవు, కరెంటు పోతే ఫ్రిజ్ నమ్మకమూ లేదు. తీసిన వెంటనే ఫ్రిజ్ లోపలివైపు పెట్టండి, తలుపు అరల్లో వద్దు.

డల్లాస్ నుంచి:
ఇక్కడ చాలామంది పంపు కూడా పెట్టరు. బ్రా లోపల సిలికాన్ కప్పు పెట్టుకుంటే కారేవి అందులోకే చేరతాయి, నేనూ అదే వాడుతున్నాను. రాత్రంతా ఉంచుకుని పొద్దున సీసాలో పోసేస్తే సరిపోదా?

తల్లిపాల కౌన్సిలర్, విశాఖ:
ఒక పక్క పట్టిస్తున్నంతసేపు రెండో పక్క కప్పు పెట్టుకోవడంలో తప్పు లేదమ్మా. రాత్రంతా వద్దు. కప్పు అంచు ఒత్తుకుని ఇంకా కారతాయి, ఒంటివేడికి గంటలకొద్దీ ఉన్న పాలు బిడ్డకి పట్టకూడదు. వాటంతట అవి కారే పాలలో వెన్న కూడా తక్కువ.

హైదరాబాద్ గారూ, పంపు తప్పని నేను అనలేదు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డల తల్లులు పంపు పెట్టాల్సిందే. నా అభ్యంతరం కారకుండా ఉండటం కోసం పంపు పెట్టడం మీద. సెలవు ఇంకా నెలలకొద్దీ ఉంటే ఇప్పట్నుంచే రాత్రి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. నిజంగా పాలు ఎక్కువై మిగులుతున్న తల్లులు తల్లిపాల బ్యాంకుకి ఇవ్వొచ్చు. అలాంటి బ్యాంకు ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989లో మొదలైంది, ఆసియాలో మొదటిది అదే. హైదరాబాద్‌లో నీలోఫర్ ఆసుపత్రిలోనూ ఉంది. తల్లికి రక్తపరీక్షలు చేస్తారు, పాలని 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేశాకే పసివాళ్లకి ఇస్తారు.

నెల్లూరు:
ఇంత చర్చెందుకు? మల్లెపూలు దండగా కట్టి రొమ్ము మీద పెట్టుకుని పడుకుంటే కారడం తగ్గుతుంది. మా వైపు అందరూ చేసేదే.

అమ్మమ్మ, తెనాలి:
నెల్లూరమ్మాయీ, ఆ మాట పసిబిడ్డ తల్లికి చెప్పకమ్మా. మల్లెపూలు పెట్టేది పాలు పూర్తిగా ఇంకిపోవడానికి. బిడ్డ దక్కని తల్లికి, పాలు మాన్పించే తల్లికి పెట్టేవాళ్లం. రెండో నెల బాలింతకి పెడితే రేపు పాలు చాలక డబ్బాపాల కోసం పరిగెత్తాలి.

నన్నడిగితే ముందు తిండి చూడండి. పాలు కారిపోతున్నాయంటూనే పిల్లకి పొద్దున వెల్లుల్లి కారం, మధ్యాహ్నం పాలసొర పిట్టు, బొప్పాయికాయ కూర, రాత్రి మెంతులు పెడుతుంటారు. ఇవన్నీ పాలు పడనివాళ్లకి. సమృద్ధిగా ఉన్నదానికి మామూలు అన్నం, పప్పు, కూర చాలు.

తడికి మా రోజుల్లో పాత నూలు చీరే. మెత్తబడ్డ చీర చింపి, అరచేయంత ముక్కలు నాలుగైదు పొరలు కుట్టి రెండు డజన్లు పెట్టుకునేవాళ్లం. ఎండలో ఆరేస్తే వాసనుండదు. పిల్లకి పొద్దున్నే లేచి దుప్పట్లు ఉతికే పని పెట్టకుండా ఇంట్లో వాళ్లు చూసుకోవాలి. ఆ సాయం దొరికితే సగం బాధ తీరుతుంది.

తల్లిపాల కౌన్సిలర్, విశాఖ:
అమ్మమ్మ గారికి నమస్కారం. మల్లెపూల గురించి ఆవిడ చెప్పింది 1988లో మన దేశంలోనే పరీక్షించారు. పాలు ఆపడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూస్తే పూలు కూడా పాలు తగ్గించాయి. అంత పనిచేసేదాన్ని ఊరికే కారడానికి వాడకూడదు. క్యాబేజీ ఆకులూ అంతే, బిగుసుకుపోయినప్పుడు కాసేపు ఉపశమనానికి తప్ప రోజూ వద్దు.

ప్యాడ్లు కొనేవాళ్లు వెనక ప్లాస్టిక్ పొర ఉన్నవి రాత్రంతా ఉంచుకోవద్దు. తడి నిలిచి చర్మం నానుతుంది, చనుమొన పగులుతుంది. రాత్రి పట్టించిన ప్రతిసారీ గుడ్డ మార్చండి. బిగుతు బ్రా వద్దు, గుడ్డ జారకుండా పట్టే మెత్తటి కాటన్‌ది చాలు. పిల్లాడి కింద వేసే రబ్బరు షీటు లాంటిదే నీ పక్క కింద ఒకటి, పైన మందపాటి తువ్వాలు వేసుకుంటే పరుపు దక్కుతుంది.

కరీంనగర్ అక్క:
మరి నేను ఇన్ని రోజులు రెండుసార్లు తీస్తున్న కదా. ఒక్కసారి ఆపితె మళ్ల గడ్డ కట్టదా?

తల్లిపాల కౌన్సిలర్, విశాఖ:
ఒక్కసారిగా ఆపొద్దు అక్కా. ముందు నడిరాత్రిది పట్టుకో. తీసే పాలు రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం తగ్గించు, బిగువు భరించగలిగేంత ఉంచు. అది పూర్తిగా మానాక పడుకునేముందుదీ అలాగే. మధ్యలో నొప్పి పుడితే బిడ్డకి పట్టు, తర్వాత చల్లటి గుడ్డ పెట్టు. రొమ్ము మీద ఎర్రగా మచ్చ పడి, జ్వరమొచ్చి, ఒక రోజులో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అప్పుడు కూడా బిడ్డకి పాలు మాన్పించొద్దు, ఆ పాలు బిడ్డకి హాని చేయవు.

కరీంనగర్ అక్క:
సరే, రేపటి సంది జర తక్కువ తీస్త. కని కౌన్సిలర్ గారు, మీ అసోంటోళ్లు పక్కన ఉండి చెప్పెటోళ్లు మా ఊర్ల లేరు. జరంతోని పండుకున్న రోజు నన్ను కాపాడింది ఆ పంపే. గందుకే దాన్ని ఇంట్లకెల్లి మాత్రం తీసెయ్య.

కొత్త బాలింత, రాజమండ్రి:
అమ్మకి అమ్మమ్మ గారి మాట చదివి వినిపించాను. మెంతులు ఆపడానికి ఒప్పుకుంది, పిండడం మానడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఈ రాత్రికి బాబుకి పట్టించే పడుకుంటాను. పంపు పెట్టెలోనే ఉంచాం, ఉద్యోగంలో చేరేముందు తీస్తాం.