ఎంపీ గారి అసలు స్టాండ్ ఏంటో ఎక్కడ చూడాలి?
ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి. మా ఎంపీ గారు జమిలి ఎన్నికల మీద, డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) మీద ఏమంటున్నారో చూద్దామంటే టీవీలో అన్నీ సగం సగం క్లిప్పులే. 2024 డిసెంబర్ 17న జమిలి బిల్లు లోక్‌సభలో పెట్టినప్పుడు డివిజన్ (ఎవరు ఎటో ఓట్లు లెక్కపెట్టడం) జరిగింది కాబట్టి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 అని లెక్క తేలింది, కానీ చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే (నోటితో అవును, కాదు అని అరవడంతోనే) అయిపోతాయి కదా, అప్పుడు ఎవరు ఎటో ఎలా తెలుస్తుంది? పైగా పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలనే ఆదేశం) ఇచ్చాక కాదంటే రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) కింద సీటుకే ఎసరు, ఇక ఓటు చూసి ఆయన సొంత అభిప్రాయం అనుకోలేం (ఇదో తలనొప్పి). పీఆర్ఎస్ (ఎంపీల పనితీరు వివరాలు ఇచ్చే సంస్థ) సైట్‌లో హాజరు, ప్రశ్నల లెక్కలు దొరికాయి, నాకు కావాల్సింది ఆయన స్పీచ్ మొత్తం, డివిజన్‌లో పేర్లతో సహా లిస్ట్. లోక్‌సభ సైట్‌లో ఏ సెక్షన్‌లో ఉంటాయండీ? తెలుగులో మాట్లాడింది తెలుగులోనే దొరుకుతుందా?