స్పార్స్ మ్యాట్రిక్స్‌కి (దాదాపు అన్నీ సున్నాలే ఉండే మ్యాట్రిక్స్‌కి) ర్యామ్ ఎంత కావాలో ముందే ఎలా లెక్కేయాలి?

ప్రశ్న: చెన్నై తరమణిలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను, 16 జీబీ ల్యాప్‌టాప్. 100×100×100 గ్రిడ్ మీద ఉష్ణ ప్రసరణ, మ్యాట్రిక్స్‌లో వరుసకి సున్నా కాని విలువలు 7. మ్యాట్రిక్స్ కట్టేదాకా బాగానే ఉంటుంది, ఎల్‌యూ (సమీకరణాలు సాధించడానికి మ్యాట్రిక్స్‌ని రెండు త్రిభుజాకార మ్యాట్రిక్స్‌లుగా విడగొట్టడం) మొదలవగానే ర్యామ్ నిండి ప్రోగ్రాం ఆగిపోతోంది. ఒకటే టెన్షన్.

జవాబు: మ్యాట్రిక్స్ చిన్నదే తమ్ముడూ. సీఎస్‌ఆర్‌లో (సున్నా కాని విలువల్ని మాత్రమే దాచే పద్ధతిలో) విలువకి 8 బైట్లు, కాలమ్ నంబరుకి 4. 10 లక్షల వరుసలకి 7 చొప్పున 70 లక్షల విలువలు, అంటే 70 లక్షలు × 12 = 84 ఎంబీ, వరుసల పాయింటర్లకి ఇంకో 4. అసలు మింగేది ఫిల్-ఇన్. ఎల్‌యూ నడిచేకొద్దీ సున్నాలున్న చోట కొత్త అంకెలు పుట్టుకొస్తాయి, త్రీడీలో ఎంత మంచి ఆర్డరింగ్ (వరుసల క్రమం) పెట్టినా వరుసల సంఖ్య పదింతలైతే అవి ఇరవై రెట్లు దాటుతాయి.

ఇంకో జవాబు: మ్యాట్రిక్స్ సిమెట్రిక్ పాజిటివ్ డెఫినిట్ (అటూ ఇటూ ఒకేలా ఉండి, ఐగెన్ విలువలన్నీ పాజిటివ్) అయితే ఎల్‌యూ వదిలేసి కాంజుగేట్ గ్రేడియంట్‌కి (మ్యాట్రిక్స్‌ని విడగొట్టకుండా మెట్టు మెట్టుగా జవాబుకి దగ్గరయ్యే పద్ధతికి) మారిపో, ఫిల్-ఇన్ ఉండదు. వెక్టర్‌కి 8 ఎంబీ, అలాంటివి నాలుగైదు చాలు.

ప్రశ్న అడిగినవారు: మార్చాను అన్నా, నడుస్తోంది! ఇప్పుడు ప్రీకండిషనర్ (తక్కువ మెట్లలో జవాబు వచ్చేలా చేసేది) చూడాలి.