డోర్నియర్ ఉండగా సారస్ ఎందుకు?

విమానపుర_వాసి:
డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కి 2022 ఏప్రిల్‌లో సర్వీసు మొదలైంది, 17 సీట్ల డోర్నియర్ 228తో, అదీ జర్మనీ వాళ్ల లైసెన్సుతో కాన్పూర్‌లో మన ప్రభుత్వ కంపెనీ హెచ్ఏఎల్ తయారుచేసిందే. మరి మన బెంగళూరులోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్లు ఇంచుమించు అదే పనికి సారస్ అని ఇంకో చిన్న విమానం చెయ్యడం దేనికి? 2004 మే 29న మొదటిసారి ఎగిరింది, ఇంతవరకూ టికెట్ కొన్నవాడు ఒక్కడూ ఎక్కలేదు. డబ్బు మనందరి పన్నులది, అందుకే అడుగుతున్నా.

కోడిహళ్లి_కుర్రాడు:
అన్నా, ఆలస్యం సంగతి కాదనను. అది మొదటిసారి ఎగిరిన రోజు ఇక్కడ బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో మేడెక్కి చూసినవాళ్లలో నేనూ ఉన్నా కాబట్టి మీకంటే నాకే బాధ ఎక్కువ. మొదటి ప్రోటోటైప్, అంటే పరీక్షల కోసం చేసిన నమూనా విమానం, అనుకున్నదానికంటే దాదాపు 900 కిలోలు ఎక్కువ తూగింది. 14 సీట్ల విమానానికి అదెంత బరువో చూడండి, సామాన్లతో సహా పదిమంది ప్రయాణికులంత! రెండోదాంట్లో బరువు తగ్గించారు, కానీ 2009 మార్చి 6న అది బెంగళూరు పక్కన బిడది దగ్గర కూలి వాయుసేన వాళ్లు ముగ్గురు చనిపోయారు. గాల్లో ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసే పరీక్ష అది, పైలట్లకిచ్చిన పద్ధతే సరిగ్గా లేదని విచారణలో తేలింది. ఆ తర్వాత మళ్లీ ఎగిరింది 2018 జనవరిలో. ఇన్ని దెబ్బలు తిని నేర్చుకున్నది లైసెన్సు తీసుకుంటే రాదన్నా. జర్మనీ వాడి డ్రాయింగ్ చూసి తయారుచేయగలం, రెక్క అలాగే ఎందుకుండాలో మాత్రం ఆ డ్రాయింగ్ చెప్పదు.

విమానపుర_వాసి:
ఇంజన్ కెనడాదేగా తమ్ముడూ, పీటీ6. ఇంక సొంతం ఏముంది?

కోడిహళ్లి_కుర్రాడు:
బ్రెజిల్ వాళ్ల బాందెయిరాంతె అనే చిన్న విమానానికి కూడా పీటీ6 ఇంజన్లే అన్నా. 1968లో ఎగిరింది, దాన్ని తయారుచెయ్యడానికే మరుసటి ఏడు ఎంబ్రేయర్ కంపెనీ పెట్టారు. ఇవాళ మన దేశంలోనే వాళ్ల జెట్లు తిరుగుతున్నాయి.

విమానపుర_వాసి:
మంచి ఉదాహరణ ఇచ్చావు, కానీ సగమే చెప్పావు. అక్కడ ప్రభుత్వం మొదట్లోనే 80 విమానాలకి ఆర్డరు పెట్టింది. మన వాయుసేన సారస్ కొత్త రకం, మార్క్ 2, తీసుకుంటామన్నది 15. పదిహేను కోసం ఏ ఫ్యాక్టరీ వాడు తయారీకి కావాల్సిన జిగ్గులు, టూలింగ్ లాంటి ప్రత్యేక పరికరాలు పెడతాడు చెప్పు.

కోడిహళ్లి_కుర్రాడు:
అది మాత్రం ఒప్పుకుంటా. అయితే అడగాల్సింది సారస్ ఆపమని కాదు అన్నా, ఆర్డరు పెంచమని. చిన్న ఊళ్ల రూట్లకి సబ్సిడీ ఎలాగూ ఇస్తున్నారు కదా, 19 సీట్ల మార్క్ 2 సర్టిఫై అయిన రోజున కొంటామని ఆ ఎయిర్‌లైన్ల చేత ఇప్పుడే రాయించుకోవచ్చుగా?