క్రాంక్ గ్రైండింగ్ చేయించాలా, కొత్తది వేయాలా?

మాధవరం ట్రాన్స్‌పోర్ట్: మా పాత డీజిల్ పికప్‌కి గూడూరు దాటాక ఆయిల్ లైటు వెలిగిందట. డ్రైవరు ఆపకుండా చెన్నై దాకా లాక్కొచ్చాడు. ఇంజన్ విప్పితే క్రాంక్‌లో (పిస్టన్ల పైకీకిందకీ కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) మూడో పిన్ను బేరింగ్ తిరిగిపోయి ఉంది. పిన్ను మీది గీతల్లో గోరు ఆగుతోంది. మెకానిక్ పిన్నుల్ని అరగదీసే గ్రైండింగ్ చాలంటాడు, మా బాబాయి కొత్త క్రాంక్ వేయమంటాడు. ఏం చేయమంటారు?

పుదుపేట బాషా: కొత్తదే వేయన్నా. గ్రైండింగ్ చేసింది ఆర్నెల్లు ఆగదు. మళ్లీ ఇంజన్ దించే కూలీ ఎవడిస్తాడు?

అంబత్తూరు లేత్: బాషా, ఆర్నెల్లకే పోయిందంటే చేసినవాడిది తప్పు, గ్రైండింగ్‌ది కాదు. పిన్నుకీ, దాన్ని పట్టి ఉంచే పక్క రెక్క వెబ్‌కీ మధ్య వంపు తిరిగే మూల ఉంటుంది చూడు, అక్కడ రేడియస్ వదలకుండా రాయి నిటారుగా దింపేస్తారు. క్రాంక్ విరిగేది సరిగ్గా అక్కడే. ఆయిల్ రంధ్రాల అంచులు నున్న చేయరు, లోపలి దారుల్లో రజను కడగరు. ఇంకేం ఆగుతుంది?

ట్రాన్స్‌పోర్ట్ అన్నా, ముందు మాగ్నెట్ క్రాక్ టెస్ట్ చేయించు. పగులుంటే చర్చే లేదు, తుక్కుకి. లేకపోతే ప్రతి పిన్నునూ రెండు చివర్లా, అడ్డంగా నిలువుగా మైక్రోమీటర్‌తో కొలిపించు. 0.25 మిల్లీ తీస్తే గీతలు పోయేటట్టయితే హాయిగా గ్రైండింగే. పోయింది ఒక్క పిన్నే అయినా మామూలుగా పిన్నులన్నీ ఒకే సైజుకి తేవాలి, షెల్స్ (పిన్ను చుట్టూ కూర్చునే బేరింగ్ ముక్కలు) సెట్టుగానే వస్తాయి. బేరింగ్ తిరిగిందంటే ఆ కనెక్టింగ్ రాడ్ కన్ను కూడా ఓవల్ అయి ఉండొచ్చు, అదీ చూపించు. పిన్ను వేడికి నీలం తిరిగిందా?

మాధవరం ట్రాన్స్‌పోర్ట్: కాస్త నీలంగానే ఉందన్నా. ఇంకోటి, పాత షెల్ వెనక 0.50 అని కొట్టి ఉంది.

అంబత్తూరు లేత్: ముందే చెప్పాల్సింది కదయ్యా! ఒకసారి అర మిల్లీ తీసేశారు, ఇప్పుడు వేడికి మెత్తబడి కూడా ఉంటుంది. హార్డ్‌నెస్ చూడకుండా 0.75కి పోవద్దు. మీ ఇంజన్‌కి కంపెనీ ఆ సైజు షెల్ ఇస్తుందో లేదో కూడా కనుక్కో. ఈ బండికి మాత్రం నా ఓటు మార్చేదానికే.

పుదుపేట బాషా: నేనన్నదీ అదేగా😄 మా పేటలో సెకండ్‌హ్యాండ్ క్రాంక్ చూడనా?

అంబత్తూరు లేత్: నువ్వన్నది అన్ని బండ్లకీ. సెకండ్‌హ్యాండ్ తెచ్చినా అవే కొలతలు, అదే క్రాక్ టెస్ట్. అసలు సంగతి ఎవరూ అడగరేం? ఆయిల్ ప్రెషర్ ఎందుకు పడిపోయింది? పంపు, సంపు జల్లెడ విప్పారా?

మాధవరం ట్రాన్స్‌పోర్ట్: లేదన్నా, అందరం క్రాంక్ మీదే పడ్డాం. పొద్దున్నే విప్పిస్తా.

అంబత్తూరు లేత్: అది తేలేదాకా ఏ క్రాంకూ కొనకు.