‘ఫ్రీ ఫ్లో’కి తెలుగులో ఏమనాలి?

మా మేనల్లుడు దోస్తులతో ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రాకు స్కూబా డైవింగ్‌కి పోతున్నాడు. అక్కడ నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. సిలిండర్ గాలిని పీల్చుకునేలా నోటికి అందించే రెగ్యులేటర్ గురించి జాగ్రత్తలు తెలుగులో రాసి నన్ను దిద్దమన్నాడు. అందులో ‘ఫ్రీ ఫ్లో’ని ‘ఉచిత ప్రవాహం’ చేశాడు! హైదరాబాద్ జలమండలి నెలకు ఉచితంగా ఇచ్చే 20 వేల లీటర్ల నీళ్లు గుర్తొచ్చి నవ్వాగలేదు.

సంగతేమిటంటే, సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. రెగ్యులేటర్ మొదటి దశ, అంటే సిలిండర్‌కి బిగించే భాగం, దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి మీద ఇంకో 10 బార్ల దాకా మాత్రమే ఉండేలా దించుతుంది. అలా ఒక్కసారిగా వ్యాకోచించిన గాలి బాగా చల్లబడుతుంది. సైకిల్ ట్యూబు గాలి తీస్తే వాల్వు వేలికి చల్లగా తగలదూ, అదే. నీళ్లు 4 డిగ్రీలే ఉంటే లోపలి లోహం సున్నా కిందికి పోయి మంచు పడుతుంది, వాల్వు మూసుకోదు. నోటి దగ్గర గాలి బుస్సుమని పోతూనే ఉంటుంది. దీనికి మాట కావాలని, మేనల్లుడి రాత చూపించి తెలిసినవాళ్లని అడిగాను.

— ‘ధారాళం’ సరిపోదా అండీ?

— అది మెచ్చుకోలు మాట కదా. ధారాళంగా మాట్లాడాడు, ఇంట్లోకి గాలి ధారాళంగా వస్తుంది అంటాం. ఇక్కడ ప్రాణం మీదికొస్తోంది.

— అన్నా, మా ఇంట్ల అయితే ‘నల్లా బందైతలేదు’ అంటం. గాలి బందైతలేదు అని రాయుండ్రి, అయిపాయె.

ఇది నాకు నచ్చింది. ఎక్కడ పాడైందో కూడా చెబుతోంది: మూసుకోవాల్సింది మూసుకోలేదు.

— ‘రెగ్యులేటర్ గడ్డకట్టింది’ అన్న వాక్యం కూడా మార్చండి. గడ్డకట్టేది నెయ్యి, నెత్తురు. లోహం కాదు.

నిజమే. ‘మంచు పట్టి బిగుసుకుంది’ అని మార్చాను. ‘ఇగం పట్టి’ అని రాయాలనిపించింది కానీ తెలంగాణ బయట ఎందరికి తెలుస్తుందో.

— ‘సున్నితత్వాన్ని తగ్గించుట’ అంటే ఏంటి సార్?

నోట్లో పెట్టుకునే రెండో దశ మరీ తేలిగ్గా తెరుచుకుంటే చల్లనీళ్లలో చిక్కు. అందుకని మెకానిక్ దాన్ని కొంచెం బిగిస్తాడు, రెండు దశల మధ్య ఉండే గాలి ఒత్తిడిని తయారీదారు చెప్పిన అంకెకు తెస్తాడు. పీల్చడానికి కాస్త బలం పెట్టాలి, అంతే. ‘కొంచెం గట్టిగా పెట్టించుకో’ అని రాస్తే చాలు. ఇంట్లో స్పానర్ పట్టుకుని మొదలుపెట్టొద్దని కూడా చేర్చాను.

ఆఖరికి ఇలా తేలింది: ‘ఒడ్డున చలిలో రెగ్యులేటర్ పెట్టుకుని పీల్చి చూడకు, ఊపిరి తేమ లోపల మంచవుతుంది. నీళ్లలో దిగాకే పీల్చు. గాలి బందు కాకపోతే వెంటనే జతగాడికి సైగ చేసి, ఇద్దరూ పైకి బయల్దేరండి.’

మేనల్లుడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. వెంట వచ్చేవాళ్లలో ఒకడిది రాజమండ్రి అట. ‘బందు’ అంటే వాడికి దుకాణాలు మూయించడమే గుర్తొస్తుందట, వాళ్లింట్లో కుళాయి ‘కట్టేస్తారు’. గాలి కట్టట్లేదు అందామా?