డ్యూక్ చాపెల్ క్వయర్‌కి ఏ ఆర్గన్ తోడు: వెనక గ్యాలరీలోదా, ఆల్టర్ పక్కదా?

తిత్తిగాలి:
అమెరికాలో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఉన్న డ్యూక్ యూనివర్సిటీ చాపెల్ (ప్రార్థన మందిరం) సంగతి ఇది. కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బోలెడుమంది కాబట్టి లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఇక్కడా ఉంటారు. అందులో పెద్ద పైపు ఆర్గన్లు రెండున్నాయి. క్వయర్ (బృందగానం పాడేవాళ్ళు) కూర్చునే చోట, ముందు ఆల్టర్ వైపు, రెండు పక్కలా జాలీల వెనక దాగి ఉన్నది అయోలియన్ అనే కంపెనీ కట్టిన 1932 నాటిది. సింహద్వారం పైన, గ్యాలరీలో ఉన్నది నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్లెంట్రాప్ వాళ్ళు కట్టిన 1976 నాటిది. క్వయర్ పాటకు మామూలుగా తోడుండేది అయోలియన్. అది సరికాదని నా వాదన.

ఫ్లెంట్రాప్‌లో మీట నొక్కితే సన్నని కర్రపుల్లలు ఒకదాన్నొకటి లాగి పైపు కింది మూత తెరుస్తాయి. మూత మెల్లగా తెరవాలా, టక్కున తెరవాలా అన్నది వేలి చేతిలో ఉంటుంది. అయోలియన్‌లో వేలికీ పైపుకీ నడుమ కరెంటూ, తోలుతిత్తులూ ఉన్నాయి. ఎలా నొక్కినా ఒకటే, దీపం స్విచ్చి వేసినట్టు. పాడేవాళ్ళు త, ప, క అని హల్లు పలికినప్పుడు ఆర్గన్ కూడా అంత స్పష్టంగా స్వరం ఎత్తుకోవాలి కదా. క్వయర్‌ని గ్యాలరీకి ఎక్కించండి, లేదా కిందే ఉంచి వెనకనుంచి వాయించండి.

ఎనిమిదడుగులు:
తిత్తిగాలి గారూ, మీ రెండో మాటకు ముందు జవాబు. చాపెల్ పొడవు 291 అడుగులు, అంటే 89 మీటర్లకు కాస్త తక్కువ. గ్యాలరీకీ క్వయర్‌కీ మధ్య 60 మీటర్లు అనుకుందాం. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. వెనక నొక్కిన స్వరం క్వయర్ చెవిన పడేసరికి 175 మిల్లీసెకన్లు. నిమిషానికి 120 లెక్కన నడిచే పాటలో ఒక అక్షరకాలం 500, అందులో నాలుగోవంతు 125. అంటే క్వయర్‌కి ఆర్గన్ ఎప్పుడూ పావు అక్షరానికి పైగా వెనకబడే వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని అనుసరించి పాడితే క్వయర్ ఆగుతుంది, క్వయర్ ఆగిందని ఆర్గనిస్టూ ఆగుతాడు. నాలుగు ఆవృతాలు తిరిగేసరికి పాట ఈడిగిలపడుతుంది.

తిత్తిగాలి:
దానికి కెమెరా, చిన్న స్క్రీన్ ఉన్నాయి కదండీ. ఆర్గనిస్టు కండక్టర్ చేయి చూస్తాడు, క్వయర్ కూడా అదే చేయి చూస్తుంది. మీ లెక్కతోనే చెప్తాను. ఇద్దరూ చేతినే నమ్ముకుంటే హాలు నడుమ కూర్చున్నవాడికి రెండూ 30 మీటర్ల దూరమే కాబట్టి కలిసే వినిపిస్తాయి.

ఎనిమిదడుగులు:
నడుమ కూర్చున్నవాడికి, నిజమే. ముందు వరుసలో వాడికి ఆర్గన్ 175 ఆలస్యం, వెనక వరుసలో వాడికి క్వయర్ 175 ఆలస్యం. పోనీ ఆర్గనిస్టు 175 ముందే నొక్కితే? అప్పుడు ముందున్నవాళ్ళకు బాగుంటుంది గానీ వెనకవాళ్ళకు తేడా రెట్టింపై 350 అవుతుంది. దాదాపు 1,600 మంది పట్టే హాలు అది, అందరూ నడుమ కూర్చోరు. పైగా క్వయర్‌ని చెవులు మూసుకుని కళ్ళతో పాడమంటున్నారు. తాళం కుదురుతుందేమో, శ్రుతి? శ్రుతి కలిపేది చెవే.

ఇక గ్యాలరీకి ఎక్కించడం. ఫ్లెంట్రాప్‌లో రుగ్‌పొజిటీఫ్ అని, వాయించేవాడి వీపు వెనక, గ్యాలరీ అంచున చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. డచ్చి భాషలో రుగ్ అంటే వీపే. క్వయర్ దాని వెనక నిలబడితే గొంతులకు ఆ పెట్టె అడ్డం. పక్కకు జరిగితే రెండు ముక్కలై ఒకరినొకరు వినలేరు. ఇరవైమంది చిన్న బృందమైతే సర్దుకోవచ్చు. ఆదివారం క్వయర్ అంత చిన్నది కాదు.

మూతపైపు:
దూరం గొడవ అటుంచండి, అసలు తేడా స్వెల్ పెట్టెలో ఉంది. అయోలియన్‌లో చాలా పైపులు చెక్క గదుల్లో ఉంటాయి. గదికి ముందు కిటికీ రెక్కల్లాంటివి ఉండి, కాలి పెడల్‌తో తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఇంగ్లండ్ కాలేజీ చాపెళ్ళ సంప్రదాయంలో 1870ల తర్వాత వచ్చిన రచనలు, అంటే స్టాన్‌ఫర్డ్, హోవెల్స్ వంటి ఇంగ్లండ్ స్వరకర్తల మాగ్నిఫికాట్లు (మరియమ్మ స్తుతిగీతాలు), ఈ పెట్టె ఉందని నమ్మి రాసినవే. ఆర్గన్ పొగమంచులా మొదలై, స్టాపులు (ఒక్కో రకం పైపుల వరసను పలికించే పిడులు) మార్చినట్టు తెలియకుండా నాలుగు గీతల్లో నిండాలి. వరస ఇది: పెట్టె మూసి రీడ్ స్టాపు (లోహపు నాలుక కంపించి గట్టిగా పలికే పైపులది) లాగాలి, అది చల్లగా వినిపిస్తుండగా రెక్కలు తెరవాలి, పూర్తిగా తెరిచాక ఇంకో స్టాపు కలిపి మళ్ళీ కొంచెం మూయాలి. ఫ్లెంట్రాప్ లాంటి డచ్చి పద్ధతి ఆర్గన్‌లో స్టాపు లాగితే అడుగు అడుగుగా పెరుగుతుంది. బాఖ్‌కి అదే అందం. హోవెల్స్‌కి మెట్లు ఎక్కి దిగినట్టుంటుంది.

నా మాట: బాఖ్, బుక్స్టెహూడె వంటి పాత స్వరకర్తల ఆర్గన్ రచనలు వెనక ఆర్గన్‌పై, క్వయర్ పాట ముందు ఆర్గన్‌తో. ఒకదానితో రెండు పనులూ చేయించాలనుకోవడమే పొరపాటు. ఆ సంగతి తెలిసే కాబోలు, అదే భవనంలో పక్కనున్న చిన్న మెమోరియల్ చాపెల్‌లో 1997లో మూడోది కూడా పెట్టారు. బ్రాంబా కట్టిన చిన్న ఆర్గన్, మీన్‌టోన్ అనే పాతకాలపు శ్రుతి పద్ధతి. థర్డులు (స-గ లాంటి స్వరాల జంటలు) తేనెలా ఉంటాయి గానీ, దూరపు స్కేలుకు వెళ్తే అదే ఆర్గన్ తోడేలులా అరుస్తుంది.

శ్రుతిపెట్టె:
తెలియక అడుగుతున్నా. ఇంత తంటా ఎందుకండీ? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలన్నీ హార్మోనియం, తబలాతో ఊళ్ళో గుడి నిండా పాడతారు కదా?

ఎనిమిదడుగులు:
మంచి ప్రశ్న. ఊళ్ళో గుడిలో పాటకు బలం జనం గొంతు. హార్మోనియం శ్రుతీ, వరసా అందిస్తే చాలు. ఇక్కడ 1,600 మంది నిలబడి పాడితే వాళ్ళను ముందుకు నడపాల్సింది వాద్యమే. దానికి కింది స్వరం కావాలి. ఎనిమిదడుగుల తెరిచిన పైపు సుమారు 65 హెర్ట్జ్, పదహారడుగులది 33. హార్మోనియం రీడు చిన్నది, అంత కింద గాలిని కదిలించలేదు. మన కీర్తనల గమకాలను పైపు ఆర్గన్ పలికించలేదు, అది వేరే మాట.

తిత్తిగాలి:
స్వెల్ సంగతి ఒప్పుకున్నాను. గోడల సంగతి ఎవరూ ఎత్తలేదే? చాపెల్ లోపలి గోడలకు గ్వాస్టవినో కంపెనీ వాళ్ళ అకౌస్టోలిత్ అనే పలకలు వాడారు. చూడ్డానికి రాయి, లోపల సన్నని రంధ్రాలు, శబ్దాన్ని పీల్చేస్తాయి. ఫ్లెంట్రాప్ పెట్టేటప్పుడు వాటికి సిలికాన్ పూత పూసి రంధ్రాలు మూశారు, మోత (ప్రతిధ్వని) నిలవడానికి. అంటే ఇప్పటి హాలు మోత ఆ ఆర్గన్ కోసం చేసుకున్నదే. అయోలియన్‌ని ఊహించింది మొద్దుబారిన హాలుకి. ఇప్పుడు దాని పెద్ద రీడ్లు లాగితే క్వయర్ మాటలు ముద్దైపోతాయి.

మూతపైపు:
అందుకే అవి లాగరు! క్వయర్ పాడేటప్పుడు 8, 4 అడుగుల ఫ్లూ స్టాపులు (నాలుక లేకుండా పిల్లనగ్రోవిలా పలికే పైపులవి) రెండు మూడు చాలు. పదహారడుగుల పెడల్ ఒకటే, అదీ ఆగి ఆగి. మోత ఎక్కువైన హాలులో వాయించేవాడు స్వరాల మధ్య ఖాళీ పెంచాలి, పాడేవాడు చివరి హల్లును ముందే వదలాలి. పూత వల్ల ప్రసంగం వినడం కష్టమైందంటే నమ్ముతాను.

ఎనిమిదడుగులు:
రెండూ కలిపి వాయించమనేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఫ్లూ పైపు శ్రుతి ఒక డిగ్రీ సెల్సియస్‌కి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు) మారుతుంది. వేడిగాలి పైకెక్కుతుంది కాబట్టి గ్యాలరీ కిందకంటే 4 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, 12 సెంట్ల తేడా. 440 హెర్ట్జ్ దగ్గర అది సెకనుకు మూడు బీట్లు (శబ్దం ఎగసి పడే ఊగిసలాట), చెవికి నొప్పి. రీడ్ పైపులు అంతగా కదలవు, కాబట్టి అదే ఆర్గన్‌లో రీడ్లూ ఫ్లూలూ కూడా విడిపోతాయి. ట్యూనర్ ఫ్లూలను ముట్టుకోడు, తక్కువ సంఖ్యలో ఉన్న రీడ్లనే వాటికి కలుపుతాడు. అదీ ఆరాధన సమయంలో ఉండే వేడికి హాలును తెచ్చి, కొన్ని గంటలు అలాగే ఉంచాక. పొద్దున చలిలో కలిపితే మధ్యాహ్నానికి వృథా.

తిత్తిగాలి:
మరమ్మతు విషయంలో మాత్రం నాదే పైచేయి. తోలు కొన్ని దశాబ్దాలకు ఎండి పగులుతుంది, ఒక్కో స్వరం మూగబోతుంది. 2008–09లో అయోలియన్‌ని మొత్తం బాగుచేయాల్సి వచ్చింది. కర్రపుల్ల విరిగితే వడ్రంగి ఒక పూటలో కొత్తది పెడతాడు.

మూతపైపు:
వడ్రంగి పెడతాడు సరే, చలికాలం హీటర్ల పొడిగాలికి పైపులు నిలబడే గాలిపెట్టె పలక పగిలితే? ఒక స్వరం నొక్కితే పక్క పైపు కూడా కూస్తుంది. దానికి ఆర్గన్ విప్పాల్సిందే. తేమ కనీసం 45 శాతం ఉండేలా చూస్తున్నారా అన్నది అడగాలి.

శ్రుతిపెట్టె:
డిసెంబర్‌లో అక్కడే హాండెల్ మెస్సయ్యకు (యేసుపై హాండెల్ రాసిన పెద్ద బృందగాన రచన) వెళ్దామనుకుంటున్నాం. 1933 నుంచి ఏటా పాడుతున్నారట. ఎక్కడ కూర్చోమంటారు?

ఎనిమిదడుగులు:
ముందునుంచి మూడోవంతు లోపల. గ్యాలరీ కింద వద్దు, పై స్వరాలు ఆగిపోతాయి. మెస్సయ్యకు ఆర్కెస్ట్రా ఉంటుంది కాబట్టి ఈ రెండు పెద్ద ఆర్గన్ల తగాదా ఆ రోజుకు లేదు లెండి.