చిరుతల రామాయణంల బ్యాలే కలుపుతున్నం, లెక్క కుదుర్తలేదు

పానగల్లు_చిరుత:
నల్లగొండ కాలేజీ వార్షికోత్సవానికి 20 నిమిషాల ఐటం, అశోకవనం ఘట్టం. చిరుతల బృందం (చేతిల చెక్క తాళాలు కొట్టుకుంట రామాయణం ఆడిపాడేటోళ్లు) పాడుతది, బ్యాలే నేర్చిన ఇద్దరు అమ్మాయిలు ఆడుతరు. చైనా నేషనల్ బ్యాలే వాళ్లు పెకింగ్ ఒపెరాను (పాట, ఆట కలిసిన చైనా పాత నాటకం) కలిపి చేసిన బ్యాలే 'రైజ్ ద రెడ్ ల్యాంటర్న్' చూసి అనుకున్నదే. రెండు తిప్పలున్నయి. గురువు రాగం సాగదీస్తే అమ్మాయిల లెక్క తప్పుతున్నది. తిరిగేటప్పుడు పొడుగు కొంగు కాళ్లకు చుట్టుకుంటున్నది. చైనావాళ్లు ఎట్ల సంభాళించిండ్రు?

పాలమూరు_మద్దెల:
తప్పు అమ్మాయిలది కాదు. పెకింగ్ ఒపెరాల కండక్టర్ ఉండడు. ఒక చేతిల చెక్కతాళం, ఇంకో చేతిల సన్నపుల్ల పట్టుకొని 'బంగూ' అనే చిన్న డోలు కొట్టేటాయనే వాద్యాలన్నిటిని నడిపిస్తడు, ఆయన కన్ను నటుడి మీద ఉంటది. బ్యాలేల తలకిందులు, రాసిన స్వరం వెంట కాలు పోవాలె. అందుకే 2001ల రెడ్ ల్యాంటర్న్‌కు చెన్ చిగాంగ్ ఆర్కెస్ట్రా సంగీతం రాసి, ఒపెరా గొంతును, వాద్యాలను దాంట్ల కూర్చిండు.

మీరు గురువుతోని ఒకటే పద్యం ఐదుసార్లు పాడించి ఫోన్ల రికార్డు చేయండి. నిడివి తేడా రెండు సెకన్ల లోపున్న ముక్కలకే ఎనిమిది లెక్క స్టెప్పులు పెట్టండి. మిగతా చోట లెక్కే వద్దు. అమ్మాయి ఆగి ఉండాలె, ఫలానా మాట పడంగనే కదలాలె. ఆగేటప్పుడు పాదం పూర్తిగ నేలకు ఆనాలె. రాగం అయ్యేదాక వేళ్ల కొసల మీద నిలబెడితే చీలమండ వణుకుతది.

చెర్వుగట్టు:
కొంగు సంగతి. ఒపెరాల చేతి అంచుకు కుట్టే తెల్లపట్టు గుడ్డను 'నీటి చేతులు' అంటరు. దాన్ని వేళ్లతోని మడతలు మడతలుగ మణికట్టు మీదికి లాక్కొని, ఒక్క విసురుతోని వదుల్తరు. మీ అమ్మాయి తిరిగేటప్పుడు చేతులు రొమ్ము ముందుకు తెస్తది గద, గుడ్డ అప్పుడే జారి మోకాలికి తగులుకుంటది. తిరుగుడుకు ముందు రెండు లెక్కలు పోగు చేసుకునేందుకు ఇడువండి. చెయ్యి వేలాడేస్తే కొంగు మోకాలు దాటొద్దు. నైలాన్ అసలే వద్దు, ఒంటికి అతుక్కుంటది.

యక్షగానం_పిచ్చి:
అడగకున్నా చెప్త. రెండు విద్యలను ఒకే ఒంట్ల కలపకండి, ఏదీ దక్కదు. 2008ల అదే చైనా నేషనల్ బ్యాలే 'పియోనీ పెవిలియన్' చేసింది, నృత్యం కూర్చింది ఫై బో. దాంట్ల నాయిక దు లినియాంగ్‌గ బ్యాలే అమ్మాయి ఆడుతుంటే, కున్‌చు అనే ఇంకో పాత చైనా ఒపెరా గాయని అదే పాత్రగ అదే స్టేజీ మీద పాడుతది. మీరు గూడ పాడే సీత ఒకరు, ఆడే సీత ఒకరు పెట్టుకోండి. రెడ్ ల్యాంటర్న్‌ల ఒపెరా అతికించినట్టు ఎందుకు అనిపియ్యదంటే, కొత్తగ వచ్చిన చిన్న భార్య ప్రేమించేది ఒపెరా నటుణ్ణే. కథే దాన్ని పిలిచింది. మీ చిరుతలోళ్లను గూడ కాపలా రాక్షసులను చేసి సీత చుట్టు తిప్పండి, ఊరికె అంచుకు నిలబెట్టకండి.

పానగల్లు_చిరుత:
ఇది మంచిగుంది. స్టేజీ మాత్రం నాపరాయిది.

చెర్వుగట్టు:
దాని మీద పాయింట్ షూ (వేళ్ల కొసల మీద నిలబడేందుకు వేసే బ్యాలే బూటు) జారుతది, దూకితే దెబ్బంత మోకాలికే. టెంట్ హౌస్ తివాచీ ఇంకా ప్రమాదం, ముడతల పడి పాదం మెలికపడుతది. 8×4 అడుగుల ప్లైవుడ్ షీట్లు ఆరు తెస్తే 16×12 అడుగులైతది. కింద రబ్బరు మ్యాట్, పైన వినైల్, అతుకులకు టేపు వేయండి. గజ్జెలు కట్టిన చిరుతలోళ్లను ఆ షీట్ల బయటనే తిప్పండి. వాళ్లు ప్లైవుడ్ ఎక్కిండ్రంటే ఆ దడదడల పాట వినిపియ్యదు.